ముప్పై ఏళ్ల తోటకు రాత్రికి రాత్రి సుంకాలా?

భారత ప్రభుత్వ ఆర్థిక మంత్రిత్వ శాఖ పెద్దలకు, వంటనూనెల దిగుమతి సుంకాలపై వారికి సలహాలిచ్చే ఆహార, వ్యవసాయ, వాణిజ్య శాఖల ఉన్నతాధికారులకు,



2025 మే 30న మీరిచ్చిన నోటిఫికేషన్ గురించి ఈ లేఖ. ముడి పామాయిల్, ముడి సోయా నూనె, ముడి పొద్దుతిరుగుడు నూనెలపై ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి దించారు. సెస్సు, సర్‌చార్జీ కలుపుకుంటే మొత్తం సుంకం 27.5 నుంచి 16.5 శాతానికి పడిపోయింది. అంతకు ఎనిమిదిన్నర నెలల ముందు, 2024 సెప్టెంబరు 14న, ఇదే సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచిందీ మీరే. పెంచిన రోజున రైతు కోసమన్నారు. దించిన రోజున వినియోగదారు కోసమన్నారు. మీ పెంపును నమ్మి ఆ శీతాకాలంలో మొక్క నాటిన రైతుకు ఇంకా మొదటి గెల కంటపడలేదు. పడాలంటే మరో మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లలో మీరు ఇంకెన్నిసార్లు మనసు మార్చుకుంటారు?

పామాయిల్ వరి లాంటి పంట కాదు. ఈ ఏడు ధర రాకపోతే వచ్చే ఏడు మరొకటి వేసుకుందామనడానికి లేదు. ఎకరానికి 57 మొక్కలు నాటితే నాలుగో ఏట కాపు మొదలవుతుంది, ఏడెనిమిదేళ్లకు తోట నిండు కాపులో పడుతుంది, ఆ తర్వాత పాతికముప్పై ఏళ్ల వయసు దాకా కాస్తూనే ఉంటుంది. మధ్యలో రైతు మనసు మారినా చేసేదేమీ ఉండదు. మాను తీయాలంటే జేసీబీ పెట్టించాలి. మొదళ్లు పెకలించి, మట్టలు ఎత్తించి, నేలను మళ్లీ దుక్కికి తెచ్చుకోవాలంటే అయ్యే ఖర్చు కొత్త తోట పెట్టుబడితో పోటీ పడుతుంది. గతంలో ధర పాతాళానికి పడినప్పుడు ఆ ఖర్చుకూ సిద్ధపడి తోటలు కొట్టేసిన ఊళ్లు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. ఆ పొలాల వాళ్లెవరూ సరదాకి కొట్టలేదు.

ఒకసారి కోత రోజున మా వైపు రండి. ద్వారకాతిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపైనా సరే, అవతల అశ్వారావుపేట, దమ్మపేట వైపైనా సరే. పొడవాటి గెడ చివర కొడవలి బిగించుకుని కోతగాడు మాను కింద తలెత్తి నిలబడతాడు. మట్టల మధ్య రంగు తిరిగిన గెలను వెతుక్కుని, ముందు అడ్డొచ్చే మట్టను నరికి, తర్వాత గెల కాడ మీద దెబ్బ వేస్తాడు. ఇరవై కిలోల గెల నేల మీద పడగానే పండ్లు నాలుగు వైపులా చెదురుతాయి. వెనకాలే ఆడవాళ్లు గోనెసంచులు పట్టుకుని, ఎండుటాకుల్లోంచి ఒక్కో పండూ ఏరతారు. బాగా పండి రాలిన వాటిలోనే నూనె ఎక్కువ గనుక ఒక్కటి కూడా వదలరు. పొద్దు వాలేలోగా ట్రాక్టర్ తొట్టి నింపి కాటాకు తోలాలి. కోసిన 24 గంటల్లో గెల ఫ్యాక్టరీలో ఆవిరికి పోకపోతే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. పది పదిహేను రోజులకోసారి, ఏడాది పొడవునా ఇదే పని. మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ధర కోసం చూడగలడు. పత్తి రైతు ఇంట్లో పోసుకుని నెల ఆగగలడు. పామాయిల్ రైతుకు ఒక్క రోజు ఆగే వీలు కూడా లేదు. పైగా 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ప్రభుత్వమే నిర్ణయించింది. పంట మార్చలేని, సరుకు దాచలేని, కొనేవాణ్ణి ఎంచుకోలేని ఈ రైతుకు మిగిలిన దిక్కు ఒక్కటే, ధర. దాని మీదే మీరు చెయ్యి వేశారు.

ఆ ధర ఎలా తేలుతుందో మీకు తెలియనిది కాదు. ముడి పామాయిల్ ధరలో ఇంత శాతం గెలకు అని లెక్క. మీ వంటనూనెల జాతీయ మిషన్ రైతుకు ఇస్తానన్న భరోసా ధరకు పెట్టుకున్న శాతం 14.3. ముడి నూనె ధర కౌలాలంపూర్‌లో తేలుతుంది. దాని మీద సుంకం ఢిల్లీలో పడుతుంది. రెండూ కలిసి పెదవేగి ఫ్యాక్టరీ గేటు దగ్గర గెల ధరగా మారతాయి. టన్ను ముడి పామాయిల్ ఓడరేవులో 90 వేల రూపాయలకు దిగుతోందనుకుందాం. సుంకంలో 11 శాతం కోత అంటే టన్ను నూనెకు 9,900 రూపాయలు. అందులో 14.3 శాతం అంటే టన్ను గెలలకు 1,400 రూపాయలకు పైనే. ఎకరానికి ఎనిమిది టన్నులు తీసే రైతుకు ఏడాదికి 11 వేలు, ఐదెకరాల ఆసామికి 56 వేలు. కరువు రాలేదు, తుపాను రాలేదు, చీడ పట్టలేదు. ఒక శుక్రవారం ఢిల్లీలో ఒక సంతకం పడింది, అంతే. ఆ సొమ్ము అతని ఏడాది ఎరువుల ఖర్చు. బోరు చెడితే కొత్తది వేయించుకోవడానికి దాచుకునే డబ్బు.

ధర తగ్గితే రైతు ఏం చేస్తాడు? మొదట ఎరువు తగ్గిస్తాడు. తర్వాత డ్రిప్పు పైపులు మార్చడం వాయిదా వేస్తాడు. ఈ చెట్టు స్వభావం తెలిసిన వాళ్లకు అసలు ప్రమాదం అక్కడే కనిపిస్తుంది. పామాయిల్ మొవ్వులో పుట్టే గుత్తి మగదవుతుందా ఆడదవుతుందా అన్నది గెల కోతకు రావడానికి సుమారు రెండేళ్ల ముందే తేలిపోతుంది. నీళ్లు, పోషకాలు తగ్గి చెట్టు అలసిన రోజుల్లో మగ గుత్తులు ఎక్కువ వేస్తుంది. అంటే 2025లో మీరు కోసిన ధర దెబ్బ 2027 కాపులో కనబడుతుంది. అప్పటికి ప్రపంచ ధర పెరిగి ఉండవచ్చు, మీరే ఉత్పత్తి పెంచమని బతిమాలుతూ ఉండవచ్చు. చెట్టు మీద గెల ఉండదు. పెదవేగిలో ఆయిల్‌పామ్ కోసమే పెట్టిన జాతీయ పరిశోధనా సంస్థ మీ ప్రభుత్వానిదే. సుంకం ఫైలు కదిలే ముందు ఆ శాస్త్రవేత్తలను మీలో ఎవరైనా ఒక్క మాట అడిగారా?

ఈ తోటలు వేయమని మమ్మల్ని అడిగింది మీరే. 2021 ఆగస్టులో వంటనూనెల జాతీయ మిషన్ ప్రకటించి, 11,040 కోట్ల రూపాయలు కేటాయించి, కొత్తగా ఆరున్నర లక్షల హెక్టార్లలో పామాయిల్ వేయించి 2025-26 నాటికి విస్తీర్ణాన్ని పది లక్షల హెక్టార్లకు చేరుస్తామన్నారు. దేశంలో పండే పామాయిల్‌లో నూటికి తొంభై వంతులకు పైగా తెలుగు రాష్ట్రాలదే. తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. వరి వద్దు, పామాయిల్ వేయండని ఊరూరా సభలు పెట్టి చెప్పారు. ఎన్నడూ ఈ చెట్టును చూడని సిద్దిపేట, నిర్మల్, వనపర్తి రైతులు ఆ మాట మీద వరి మడులు పూడ్చి మొక్కలు నాటారు. పంటనష్టం వస్తే ఓర్చుకోగలరు, వాళ్లకు అలవాటే. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ నాటమంటే మరో శాఖ ధర కూల్చడాన్ని వాళ్లు ఎలా అర్థం చేసుకోవాలి?

సుంకం చరిత్ర ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. ముడి పామాయిల్‌పై 2008లో సున్నా. 2013లో 2.5 శాతం. 2014 చివర 7.5. 2015లో 12.5. 2016లో మళ్లీ 7.5. 2017 ఆగస్టులో 15, అదే ఏడు నవంబరులో 30, 2018 మార్చిలో 44. అక్కడి నుంచి 2019లో 40, 2020 మొదట్లో 37.5, ఆ ఏడు చివర్లో 27.5. 2021 బడ్జెట్‌లో సెస్సు పేరుతో లెక్క మార్చి మొత్తం 35.75 చేశారు. జూన్ ఆఖరుకు 30.25, సెప్టెంబరులో 24.75, అక్టోబరులో 8.25. ఒక్క ఏడాదిలో నాలుగు రేట్లు. మిషన్ ప్రకటించిన ఏడు కూడా అదే. ఆగస్టులో నాటమని పిలుపు, అక్టోబరుకల్లా ఆ మొక్కకున్న రక్షణ నాలుగో వంతుకు కుదింపు. 2022 ఫిబ్రవరిలో 5.5. ఈ వరుసలో ఏ అంకెను నమ్మి రైతు బ్యాంకు అప్పు తీసుకోవాలి? ఏ అంకెను చూసి బ్యాంకు మేనేజరు అప్పు ఇవ్వాలి? 2018లో 44 శాతం సుంకం ఉన్నప్పుడు కూడా కొత్త తోటలు వెల్లువలా రాలేదంటే కారణం ఇదే. అది నిలవదని అందరికీ తెలుసు. రేపు ఉండదని తెలిసిన రక్షణ ఎంత ఎత్తున ఉన్నా మొక్క నాటించలేదు. వినియోగదారు దగ్గర మాత్రం పూర్తి ధర వసూలు చేస్తుంది. అందుకే నా అభ్యంతరం సుంకం తక్కువైందని మాత్రమే కాదు. దానికి ఒక నియమమంటూ లేకపోవడం గురించి.

2022లో మీరు సుంకం తక్కువగా ఉంచడాన్ని నేను తప్పు పట్టను. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది. ఇండొనేసియా ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా పామాయిల్ ఎగుమతులే నిషేధించింది. ప్రపంచ ధర ఆకాశాన్నంటింది. అప్పుడు గెల ధర కూడా టన్ను 20 వేలు దాటింది, రైతు సంతోషంగానే ఉన్నాడు. పేదవాడి వంటింటి కోసం సుంకం వదులుకోవడం అప్పుడు న్యాయం. కానీ ఆ ఏడు దసరా నాటికే ప్రపంచ ధర సగానికి సగం పడిపోయింది. 2023లో గెల టన్ను 13 వేల దరిదాపులకు జారింది. ఆపద కాలం పోయింది, ఆపద కోసం ఇచ్చిన మినహాయింపు మాత్రం 2024 సెప్టెంబరు దాకా కదల్లేదు. ధర పెరిగినప్పుడు వారాల్లో స్పందించిన మీ కార్యాలయాలకు, ధర పడిపోయినప్పుడు స్పందించడానికి రెండేళ్లు ఎందుకు పట్టింది? ఆ రెండేళ్లలో మీకు రైతులెవరూ ఉత్తరం రాయలేదా? రాష్ట్రాలు అడగలేదా? అడిగాయి. తెలంగాణ వ్యవసాయ మంత్రి సుంకం పెంచమని కేంద్రాన్ని పదేపదే కోరిన సంగతి పత్రికల్లోనే వచ్చింది.

ఇప్పుడు వినియోగదారు మాట. దాన్ని తేలిగ్గా తీసేయడం నాకు ఇష్టం లేదు. నూనె ధర పెరిగితే మొదట నలిగేది కూలి చేసుకునే ఇల్లే. మా పక్క తోటల్లో పండ్లు ఏరే ఆడవాళ్లు కూడా సాయంత్రం కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్టే కొనుక్కుంటారు. కాబట్టి లెక్క నిజాయతీగా వేద్దాం. టన్నుకు 9,900 రూపాయల సుంకం తగ్గింపు మొత్తం, ఒక్క పైసా మధ్యలో ఆగకుండా, ప్యాకెట్ ధరలోకి దిగిందనుకుందాం. కిలోకు పది రూపాయలు. నెలకు ఐదు కిలోలు వాడే కుటుంబానికి యాభై రూపాయలు. ఆ యాభై విలువైనదే. కానీ అది నిజంగా ఆ ఇంటికి చేరుతుందా? దిగుమతయ్యే పామాయిల్‌లో పెద్ద భాగం ఇళ్లకు వెళ్లదు. హోటళ్లకు, బేకరీలకు, బిస్కెట్ల, మిక్చరు ప్యాకెట్ల కంపెనీలకు, సబ్బుల తయారీకి వెళుతుంది. నూనె పది రూపాయలు తగ్గిందని ఏ బిస్కెట్ ప్యాకెట్ ధర తగ్గింది? ఏ టిఫిన్ సెంటర్‌లో పూరీ ధర తగ్గింది?

ఇదే సొమ్ముతో పేదవాడికి సూటిగా సాయం చేసే దారి మీకు లేదా? లక్ష కోట్ల రూపాయల ముడి నూనె దిగుమతి మీద 11 శాతం సుంకం వదులుకుంటే ఖజానాకు పోయేది ఏడాదికి 11 వేల కోట్లు. దేశం ఏటా వంటనూనెల దిగుమతికి లక్ష కోట్లకు పైనే ఖర్చు పెడుతోంది గనుక ఈ లెక్క పెంచి చెప్పింది కాదు. ఆహార భద్రత చట్టం కింద సుమారు 20 కోట్ల కుటుంబాలు రేషన్ తీసుకుంటున్నాయి. 11 వేల కోట్లను వాళ్లకు పంచితే ఇంటికి ఏడాదికి 550 రూపాయలు, నెలకు 45 పైచిలుకు. సుంకం కోత మొత్తం వినియోగదారుకు చేరితే దక్కే లాభం దాదాపు అంతే. తేడా ఏమిటంటే, ఇది పేద ఇంటికి మాత్రమే చేరుతుంది, కచ్చితంగా చేరుతుంది, రైతు ధర పడిపోదు. ఇది నేను కనిపెట్టిన కొత్త సంగతి కాదు. 2008 నుంచి 2013 దాకా కేంద్రమే కిలోకు 15 రూపాయల రాయితీతో కార్డుకు నెలకు లీటరు చొప్పున రేషన్ షాపుల్లో నూనె ఇప్పించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పామోలిన్ ప్యాకెట్ కోసం రేషన్ షాపు దగ్గర సంచి పట్టుకు నిలబడిన తరం ఇంకా ఉంది. ఆ పథకాన్ని ఎందుకు ఎత్తేశారు? సుంకం తగ్గించడం సులువు గనుకనా? ఒక నోటిఫికేషన్‌తో పని అయిపోతుంది, బడ్జెట్‌లో ఖర్చు పద్దు కనబడదు గనుకనా? ఖర్చు పద్దులో కనబడకపోయినా దాన్ని ఎవరో ఒకరు భరిస్తున్నారు. గెల కోసే రైతు భరిస్తున్నాడు.

మీరు వదులుకున్న సుంకం మన సరిహద్దు లోపలే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. వంటనూనెల దిగుమతిలో ప్రపంచంలోకెల్లా పెద్ద కొనుగోలుదారు మనమే. పామాయిల్ అమ్మేది ముఖ్యంగా ఇద్దరు, ఇండొనేసియా, మలేసియా. ఇంత పెద్ద కొనుగోలుదారు సుంకం తగ్గిస్తే గిరాకీ పెరుగుతుంది, అమ్మేవాడు ధర పెంచుకోగలుగుతాడు. తగ్గింపులో కొంత వాళ్ల జేబులోకి పోతుంది. చిన్న దేశం చేస్తే ఇలా జరగదు, మనం చేస్తే జరుగుతుంది. మీ మే నోటిఫికేషన్‌కు రెండు వారాల ముందు, మే 17 నుంచి, ఇండొనేసియా ముడి పామాయిల్ మీద తన ఎగుమతి లెవీని 7.5 శాతం నుంచి 10 శాతానికి పెంచింది. ఆ లెవీ నిధితో వాళ్లు బయోడీజిల్‌కు మద్దతిస్తారు, ముసలి తోటలు కొట్టి కొత్తవి నాటుకునే తమ రైతులకు సాయం చేస్తారు. మనం కొన్న నూనె మీద వచ్చిన డబ్బుతో వాళ్ల రైతు మొక్క మార్చుకుంటున్నాడు. మరి మన రైతు?

ఇక్కడ సెస్సు మాట తప్పకుండా అడగాలి. ముడి నూనెల మీద మీరు ఇప్పటికీ 5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల అభివృద్ధి సెస్సు వసూలు చేస్తున్నారు. లక్ష కోట్ల సరుకు మీద ఐదు వేల కోట్లు. ఆ సొమ్ము రైతు పేరున వసూలవుతోంది, సెస్సు గనుక రాష్ట్రాలకు వాటా లేదు. వంటనూనెల మిషన్‌లో కేంద్రం వాటా మొత్తం, అన్నేళ్లకూ కలిపి, 8,844 కోట్లు. అంటే ఈ ఒక్క సరుకు మీద రెండేళ్ల సెస్సు ఆ మిషన్ ఖర్చంతా మోసేస్తుంది. ఇన్నేళ్లుగా వసూలైన దానిలో నూనెగింజల రైతుకు, పామాయిల్ రైతుకు ఎంత చేరిందో ఒక్క కాగితం మీద రాసి చూపించగలరా?

మే నోటిఫికేషన్‌లో ఒకరికి మాత్రం రక్షణ పెరిగింది. రిఫైన్డ్ నూనెల మీద సుంకాన్ని 35.75 శాతం దగ్గరే ఉంచారు. ముడి నూనెకూ రిఫైన్డ్‌కూ మధ్య తేడా 19.25 శాతానికి పెరిగింది. దేశీ రిఫైనరీలకు పని దొరకడానికే ఈ తేడా అని మీ ప్రకటనలోనే చెప్పారు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్కనున్న రిఫైనరీల్లో మన పిల్లలే పనిచేస్తున్నారు, అవి నడవాలి, నేను కాదనను. ఫ్యాక్టరీ పెట్టినవాడికి నిలకడైన రక్షణ కావాలని మీకు తెలుసు. యంత్రం బిగించాక తీసి అమ్ముకోలేడని తెలుసు. అదే న్యాయం చెట్టు నాటినవాడికి ఎందుకు వర్తించదు? రిఫైనరీ యజమాని ఢిల్లీ వచ్చి మీ గదిలో కూర్చోగలడు. దమ్మపేట రైతు రాలేడు. తేడా ఇంతకంటే లోతుగా ఏమైనా ఉంటే చెప్పండి, వింటాం.

మనం ఈ దారిలో ఒకసారి నడిచి దెబ్బ తిన్నాం. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. విత్తనం, గిట్టుబాటు ధర, దిగుమతుల మీద అదుపు, మూడూ కలిసి నడిచాయి. పదేళ్లు తిరక్కుండానే నూనెగింజల ఉత్పత్తి దాదాపు రెట్టింపై, దేశం వంటనూనెల్లో ఇంచుమించు స్వయంసమృద్ధి సాధించింది. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో ప్రైవేటుకు తెరిచారు. 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. అనంతపురం అంటే ఒకప్పుడు దేశంలోనే అతి పెద్ద వేరుశనగ జిల్లా. వానలు, తెగుళ్లు ఆ పంటను దెబ్బతీసిన మాట నిజమే. కానీ వాన పడిన ఏడు కూడా కాయకు ధర రాకుండా చేసింది చౌక పామోలిన్. ఈనాడు మనం తినే నూనెలో సగానికి పైగా ఓడల మీద వస్తోంది. అప్పట్లో గానుగలు మూతపడ్డాయి, పొలాలు బీడుపడ్డాయి, మనుషులు బెంగళూరు బస్సులెక్కారు. ఇంకోసారి అదే చేస్తారా?

పామాయిల్‌కు నీళ్లు ఎక్కువ కావాలి, బోర్ల మీద ఆధారపడిన మెట్టలో ఇన్ని లక్షల ఎకరాలు సరికాదనే పర్యావరణవేత్తల మాటలో నిజముంది. ఎక్కడ వేయాలి, ఎక్కడ కూడదన్న చర్చ జరగాల్సిందే. కానీ ఇప్పటికే నాటిన తోటను ధరతో చంపడం ఆ చర్చకు జవాబు కాదు. దేశంలో పండేది నాలుగు లక్షల టన్నుల చుట్టూ, దిగుమతయ్యే పామాయిల్ ఏటా 75 లక్షల టన్నులకు తక్కువ లేదు, మన రైతు ఆ లోటు తీర్చలేడని కొందరంటారు. నిజమే, ఇప్పట్లో తీర్చలేడు. తీర్చే వైపు నడిపిస్తామని చెప్పింది మాత్రం మీరు.

కస్టమ్స్ చట్టం, 1962లోని 25వ సెక్షన్ ప్రజా ప్రయోజనం దృష్ట్యా అవసరమనుకుంటే సుంకం మినహాయించే అధికారం మీకిచ్చింది. పార్లమెంటు ముందుకు ముందుగా వెళ్లనక్కర్లేకుండా, రాత్రికి రాత్రి కోట్ల కుటుంబాల ఆదాయాన్ని మార్చగల అధికారం అది. అంత అధికారం ఉన్నవాళ్లకు జవాబుదారీతనం కూడా అంతే ఉండాలి. కాబట్టి మీ నుంచి కోరేది దయ కాదు.

సుంకాన్ని ప్రపంచ ధరకు ముడిపెట్టి ఒక పట్టిక ప్రకటించండి. ప్రపంచ ధర ఇంత దాటితే సుంకం ఇంతకు దిగుతుంది, ఇంతకంటే పడితే ఇంతకు పెరుగుతుంది అని ముందే అచ్చువేయండి. మలేసియా ఎగుమతి పన్ను ఇలాగే నడుస్తుంది. నెలనెలా ప్రకటించే ధరను బట్టి 3 శాతంతో మొదలై 10 శాతం దాకా మెట్లున్న పట్టిక అది. అమ్మేవాళ్లకు అంత స్పష్టత ఉన్నప్పుడు కొనేవాళ్లకు ఎందుకు ఉండకూడదు? అంతర్జాతీయ ఒప్పందాలు అడ్డమనడానికి లేదు. డబ్ల్యూటీఓలో ముడి పామాయిల్‌పై మన పరిమితి 300 శాతం, ఆసియాన్ ఒప్పందంలో 37.5 శాతం. మీరున్న 16.5 శాతం దానికి ఎంతో దిగువన ఉంది. పట్టిక ఉంటే ప్రపంచ ధర మండినప్పుడు వినియోగదారుకు ఉపశమనం దానంతటదే వస్తుంది, పడినప్పుడు రైతుకు ఆసరా దానంతటదే వస్తుంది, ఎవరూ ఢిల్లీకి అర్జీలు పట్టుకు తిరగనక్కర్లేదు. నోటిఫికేషన్ రేపొస్తుందో ఎల్లుండొస్తుందో ముందే పసిగట్టి సరుకు నిల్వ చేసుకునే వ్యాపారికి ఆ లాభమూ పోతుంది.

భరోసా ధరనూ సరిదిద్దండి. మిషన్ కింద మీరు చెప్పిన ఆ ధర గత ఐదేళ్ల ముడి నూనె సగటు మీద ఆధారపడుతుంది. సుంకం కోసినప్పుడల్లా ఆ సగటు కూడా కిందికి జారుతుంది. మీ చేత్తో పడగొట్టిన ధరనే కొలబద్దగా పెట్టుకుని రైతుకు భరోసా ఇవ్వడం ఎలా కుదురుతుంది? సుంకం తగ్గించిన రోజునే, ఆ తగ్గింపు వల్ల గెలకు ఎంత నష్టమో లెక్కగట్టి, సెస్సు నిధి నుంచి రైతు ఖాతాలో నేరుగా వేసే ఏర్పాటు చేయండి. కాటా చీటీ మీద రైతు పేరు, బరువు, తేదీ అన్నీ ఉంటాయి, ఫ్యాక్టరీ దగ్గర బ్యాంకు ఖాతా ఉంటుంది. ఇంతకంటే సులువుగా గుర్తించగల లబ్ధిదారు దేశంలో మరొకడు దొరకడు. ఇంతవరకు భరోసా ధర తేడా కింద ఏ రాష్ట్రంలో, ఏ ఏడాది, ఎందరు రైతులకు ఎంత చెల్లించారో జిల్లాలవారీగా బయటపెట్టండి. నేపాల్ మీదుగా సుంకం లేకుండా వచ్చిపడుతున్న రిఫైన్డ్ నూనె సంగతి కూడా తేల్చండి. అది అలా ఉండగా ఏ పట్టికా నిలవదు.

వచ్చే సుంకం ఫైలు మీద సంతకం పెట్టే ముందు దాని పక్కనే గెల ధర మీద పడే ప్రభావం ఎంతో రాసిన ఒక పేజీ ఉండాలి, ఆ పేజీ మాకూ కనబడాలి. నర్మెటలోనూ అశ్వారావుపేటలోనూ పెదవేగిలోనూ రైతులు మొక్కల కోసం నర్సరీల దగ్గర పేర్లు రాయించుకుంటున్నారు. వాళ్లు ఇప్పుడు నాటే మొక్క 2050 దాటాక కూడా కాస్తుంది. ఈ వానకాలం నాట్లు పూర్తయ్యేలోగా మీ జవాబు రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
మెట్ట ప్రాంత పామాయిల్ రైతుల పక్షాన,
ఏలూరు జిల్లా నుంచి ఒక పౌరుడు
2025 జూన్